మంట తెలియని పాదం

అరికాళ్ళ మంటలు పోయాయని మా అన్న ఫోన్ చేసిన రోజు నేను "మంచిదే గద అన్నా" అన్నాను. ఆ మాట అన్నది వనపర్తిలో, మా జూనియర్ కాలేజీ వరండాలో నిలబడి. చేతిలో సుద్దముక్క, చంకలో హాజరు పట్టిక. బెల్లు కొట్టేశారు. లోపల పిల్లలు గోల చేస్తున్నారు. ఇంకొక్క నిమిషం మాట్లాడి ఉంటే "పోయాయంటే ఎట్లా పోయాయి? చల్లబడ్డాయా, మొద్దుబారాయా?" అని అడిగేదాన్ని. జంతుశాస్త్రం చెప్పేదాని నోట్లోంచి ఆ ప్రశ్న రావాలి. రాలేదు. "మంచిదే" అని ఫోన్ పెట్టేసి క్లాసులోకి పోయాను. ఆ మాట ఇప్పటికీ నన్ను విడవడం లేదు. అన్నం ముందు కూర్చుంటే వస్తుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వస్తుంది. ఎవరైనా నాకు ఏదైనా మంచి కబురు చెబితే, దానికి జవాబుగా ఆ మాట అనబోయి మింగేస్తాను.

అన్న నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. మాది అమరచింత దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు. మీసాలు రాకముందే, కూలీలను తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట మహారాష్ట్రకు పోయాడు. మొదట కాలువ పనులు, ఆ తర్వాత బిల్డింగు పనులు. చెప్పుల్లేకుండా సిమెంటులో నానిన కాళ్ళు ఆయనవి. నేను ఇంటరూ డిగ్రీ పీజీ చదివింది ఆ కాళ్ళ మీదనే. ఇట్లా అంటే ఆయనకు కోపం. "సదివింది నువ్వు. నడుమ నా కాళ్ళేం జేసె?" అంటాడు. పదేళ్ళ కింద వలస చాలించుకొని ఊరికి వచ్చి, కౌలుకు భూమి పట్టి పత్తి వేస్తున్నాడు.

ఆయనకు షుగరు ఉందని తెలిసింది ఊళ్ళో పెట్టిన ఒక శిబిరంలో. చూపు సరిగ్గా ఆనడం లేదని కళ్ళు చూపించుకోవడానికి పోతే వేలు గుచ్చి నెత్తురు చూసి చెప్పారు. ఆ రోజు నుంచి చాయ్‌లో చక్కెర మానేశాడు. పండుగ పూట భక్ష్యాలు ముట్టడు. అక్కడికి తన వంతు అయిపోయిందనుకున్నాడు. మూడు పూటలా పళ్ళెం నిండా అన్నం మాత్రం తినేవాడు. జొన్నరొట్టె మా ఊళ్ళో ముసలివాళ్ళ తిండైపోయి చాలా ఏళ్ళయింది. కాకరకాయ రసం తాగిన వారం షుగరు గోలీలు మానేసేవాడు. రెండూ కలిస్తే షుగరు మరీ పడిపోతుందని ఎవరో చెప్పారట. నేను పోట్లాడేదాన్ని. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, మా ఇంట్లో ఆ చెట్టు నేనే. "కాలేజీల పిల్లలకు చెప్పుకో పో" అని నవ్వేవాడు. వదిన పక్కనుంచి "మా మేడం వచ్చిందంటే ఇల్లు క్లాసురూమైతది" అని అందుకునేది.

తర్వాత మంటలు మొదలయ్యాయి. రెండు అరికాళ్ళలోనూ. "మిరపకాయ నూరి పూసినట్లున్నది చెల్లె" అనేవాడు. చలికాలంలో కూడా తడి గోనెసంచి మీద కాళ్ళు పెట్టుకొని పడుకునేవాడు. ఆముదం రాశారు, గోరింటాకు ముద్ద పెట్టారు, మజ్జిగలో కాళ్ళు ముంచారు. ఒక్కోసారి దుప్పటి తగిలినా ఓర్చుకునేవాడు కాడు. ముంబైలో మొదటి అంతస్తు నుంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి, కాళ్ళు పట్టుకొని ఏడ్చాడని వదిన చెప్పింది. అట్లా నాలుగేళ్ళు. నేను గోలీలు వేసుకోమని చెప్పేదాన్ని, ఆయన సరేననేవాడు. ఇద్దరం అబద్ధమే చెప్పుకునేవాళ్ళం. ఆయన వేసుకునేవాడు కాడు, నేను వేసుకుంటున్నాడని నమ్మినట్లుండేదాన్ని.

చివరికి ఆయన పీరుకు మొక్కుకున్నాడు. పీర్ల పండుగ మా ఊళ్ళో అందరిదీ. పీరును ఎత్తుకునే ఇళ్ళలో హిందువులవే ఎక్కువ. మా తాత ఎత్తుకున్నాడు, నాయిన ఎత్తుకున్నాడు, ఇప్పుడు అన్న. "నా కాళ్ళ మంట తీసెయ్యి, నీ గుండంల నడుస్త" అని మొక్కాడు. గుండం అంటే పీర్ల చావిడి ముందు తవ్వే గుంత. పండుగ రోజులన్నీ దాంట్లో చింత మొద్దులు, తుమ్మ మొద్దులు కాలుతుంటాయి. ఆఖరి రోజు తెల్లవారేసరికి నిప్పుల పరుపు మిగులుతుంది. మొక్కున్నవాళ్ళు దాని మీదుగా నడుస్తారు.

ఆ మొక్కు సంగతి నాకు అప్పుడు తెలియదు. నాకు తెలిసింది మంటలు పోయాయన్న ఫోను ఒక్కటే.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పాలి. చెప్పకుండా ఉండలేను, నా పుట్టుకే అట్లాంటిది. నా మొదటి ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో. నాడీకణం గురించి చెబుతున్నప్పుడు, షుగరుంటే నరాలు ఎందుకు దెబ్బతింటాయో పుస్తకంలో లేకపోయినా చెప్పాను. చివరి బెంచీలో ఒక అమ్మాయి లేచి అడిగింది. "మేడం, షుగరంటే నెత్తుర్ల చక్కెర ఎక్కువుండుడే గద. గంత తిండి ముందల పెట్టుకొని నరం ఎందుకు చస్తది?" ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు.

నేను చెప్పిన జవాబు ఇది. కండలోని కణానికి తలుపుంటుంది. ఇన్సులిన్ వచ్చి తీస్తేనే చక్కెర లోపలికి పోతుంది. నరం కణానికి ఆ అడ్డు లేదు. నెత్తుటిలో ఎంత ఉంటే అంత లోపలికి వచ్చి పడుతుంది, వద్దనే వీలు దానికి లేదు. ఆ చక్కెరను కాల్చి శక్తిగా మార్చేవి మైటోకాండ్రియా. మీ అమ్మ కట్టెల పొయ్యి మీద వండుతుంది కదా. రెండు కట్టెలు పెడితే మంట వస్తుంది. నోరు మూసుకుపోయేంత కట్టెలు కుక్కితే ఏమవుతుంది? మంట పడిపోయి పొగ లేస్తుంది. కణంలోనూ అంతే జరుగుతుంది. శక్తి తగ్గుతుంది, కణాన్ని లోపలినుంచి తినే విషాలు పుడతాయి. మిగిలిన చక్కెరను ఏం చేయాలో తెలియక కణం దాన్ని ఇంకో రకం చక్కెరగా మారుస్తుంది. ఆ మార్పిడికి, విషాన్ని విరిచే సరుకు ఖర్చయిపోతుంది. పైగా నరానికి నెత్తురు తెచ్చే సన్నని గొట్టాలు బిరుసెక్కి గాలి కూడా సరిగ్గా అందదు. అట్లా, చుట్టూ తిండి ఉండగానే నరం శక్తి లేక చస్తుంది.

ముందు ఏ నరం చస్తుంది? అన్నిటికంటే పొడుగుది. ఆ కణం ఉండేది వెన్నుపూస పక్కన, దాని కొస ఉండేది కాలి బొటనవేలిలో. ఒక్క కణం, మనిషి నడుమంత ఎత్తు. కొసకు కావలసిన సరుకంతా వెన్ను దగ్గరినుంచి మోసుకుంటూ పోవాలి. మోయడానికి శక్తి లేనప్పుడు కొస ముందుగా ఎండుతుంది. అందుకే షుగరు వాళ్ళకు మొదట పోయేది పాదాలు. పోయే ముందు ఆ నరం ఒక మోసం చేస్తుంది. బతికి బాధపడుతున్నన్నాళ్ళూ లేని మంటను ఉన్నట్లు చెబుతుంది. చచ్చాక, ఉన్న మంటను కూడా చెప్పదు.

ఆ అమ్మాయి కూర్చుంది. అందరూ రాసుకున్నారు. ఎంత బాగా చెప్పానో అని ఆ రోజంతా నాకు సంబరం. అంత బాగా తెలిసిన ఈ నోరే, ఇన్నేళ్ళ తర్వాత వరండాలో నిలబడి "మంచిదే గద అన్నా" అంది. ఎవరిని తిట్టాలో తెలియక నన్ను నేను తిట్టుకుంటాను.

ఆ ఏడు పండుగ పునర్వసు కార్తెలో వచ్చింది. ఆఖరి రోజుకు నేను ముందటి సాయంత్రమే ఊరికి పోయాను. పోయాక వదిన చెప్పింది, అన్న పొద్దున గుండంలో నడుస్తున్నాడని, కాళ్ళ మంట పోయినందుకు మొక్కు చెల్లిస్తున్నాడని. షుగరున్న కాళ్ళతో నిప్పులేమిటని అనబోయాను. అనలేదు. దానికి ఒక పాత కథ ఉంది.

డిగ్రీ రెండో ఏట నేను ఇదే పండుగకు వచ్చి, చావిడి ముందే అందరూ వింటుండగా ఉపన్యాసం ఇచ్చాను. నిప్పుల్లో వేడి ఎక్కువే గానీ అది పాదానికి నిదానంగా ఎక్కుతుందని, రెండు మూడు అంగల్లో దాటేస్తే ఎవరికీ పెద్దగా కాలదని, దీంట్లో మహిమ ఏమీ లేదని. నిజమే చెప్పాను. నిజం చెప్పడానికి ఎంచుకున్న చోటు చూడండి. నాయిన పీరు ఎత్తుకొని ఎదురుగా ఉన్నాడు. అన్న ఆ పండుగ కోసమే పుణె నుంచి సెలవు పెట్టి వచ్చాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పోయేటప్పుడు మాత్రం, "సదువు నిన్ను పెద్దగ జెయ్యాలె గని, మమ్మల్ని చిన్నగ జెయ్యొద్దు చెల్లె" అన్నాడు. ఆ మాట నన్ను ఎంత కోసిందంటే, అప్పటినుంచి పీర్ల దగ్గర నేను నోరెత్తలేదు.

తెలతెలవారుతుండగా డప్పులు జోరందుకున్నాయి. ఊదు పొగ కళ్ళలోకి పోతోంది. చావిడి లోపలినుంచి పీర్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. అన్న ఒళ్ళంతా తడి. నడుముకు ఎర్రని తుండు, భుజం మీద పీరు, దానికి ఊరివాళ్ళు కట్టిన రంగురంగుల దట్టీ గుడ్డలు. గుండం చుట్టూ మూడుసార్లు తిరిగారు. పీర్ల చావిడి చూసుకునే ముజావర్ తాత నెమలీకల కట్టతో నిప్పుల మీద విసిరాడు. బూడిద లేచి కింద ఎర్రగా కనిపించింది.

అన్న కంటే ముందు ముగ్గురు నడిచారు. నడిచారనడం ఎందుకు, దుమికారు. మొదటివాడు కళ్ళు మూసుకొని మూడు అంగల్లో దాటి, అవతల నీళ్ళు పోసిన బురదలో కాళ్ళు రాసుకున్నాడు. రెండో అతను మధ్యలో మడమ పైకెత్తి పక్కకు తూలితే ఇద్దరు పట్టుకున్నారు. మూడో అతను దాటాక పళ్ళు బిగించి నవ్వాడు. వాళ్ళ ముఖాల్లో భక్తి ఉంది, నొప్పి కూడా ఉంది. వాళ్ళ పాదాలు పని చేస్తున్నాయి.

తర్వాత అన్న దిగాడు. కల్లంలో ఆరబోసిన జొన్నల మీద నడిచినట్లు నడిచాడు. తొందర లేదు. ఒక అడుగు పూర్తిగా ఆనించి, బరువంతా వేసి, అప్పుడు రెండో అడుగు. నడిమధ్యకు వచ్చి ఆగాడు. పీరును రెండు చేతులతో పైకెత్తి నిలబడ్డాడు. డప్పులు ఒక్క క్షణం తడబడి మళ్ళీ రెట్టింపు మోగాయి. ఆడవాళ్ళు చేతులు జోడించారు. నా పక్కనున్న ముసలమ్మ కన్నీళ్ళు పెట్టుకొని, "సూడు బిడ్డా, నిప్పు గూడ సల్లబడ్డది. మీ అన్న పుణ్యాత్ముడు" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైందని చెప్పడం కూడా తక్కువే, ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా తెలిసింది. ఆయనకు కింద నిప్పు ఉన్నట్లే తెలియడం లేదు. మంటలు తగ్గలేదు, మంటను చెప్పేది చచ్చిపోయింది. ఆ గుంపులో ఆ సంగతి తెలిసిన మనిషిని నేను ఒక్కదాన్నే.

పిలవాల్సింది. "అన్నా, ఇవతలికి రా" అని ఒక్క కేక వేయాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆయన ముఖం చూసి ఆగిపోయాను. మా అన్న ముఖాన్ని నేను ఎప్పుడూ అట్లా చూడలేదు. పుట్టింది మొదలు పక్కకు జరగమనిపించుకున్న మనిషి. మేస్త్రీలు, కాంట్రాక్టర్లు, బస్సు కండక్టర్లు, ఆఖరికి నా పెళ్ళిలో నా అత్తగారి తరఫు వాళ్ళు కూడా పక్కకు నిలబడమన్నారు. ఆ పొద్దు ఊరంతా ఆయన చుట్టూ నిలబడి ఆయననే చూస్తోంది. ఆయన ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆ ముఖం మీద నా శాస్త్రాన్ని మళ్ళీ ఒకసారి విసరడానికి నాకు చేతులు రాలేదు. ఇది నేను ఇప్పుడు చెప్పుకునే సాకు. అసలు నిజం ఇంకా చిన్నది. నేను సిగ్గుపడ్డాను. మళ్ళీ అందరిలో చెడ్డదాన్ని కావడానికి భయపడ్డాను. ఆ సిగ్గులోంచి తేరుకునేలోపు ఆయన నిలబడ్డంతసేపూ నిలబడి, నిదానంగా నడిచి, గట్టు ఎక్కేశాడు.

వెంటనే దగ్గరికి పోయి, అరికాళ్ళు చూపించమన్నాను. "పీర్లు పోయిందంక కాళ్ళు కడగొద్దు, ఎరుక లేదా?" అన్నాడు. మా ఇంట్లో ఆ కట్టుబాటు ఉంది. గుండంలో నడిచినవాళ్ళు, సాయంత్రం పీర్లను వాగుకు సాగనంపేదాకా పాదాల బూడిద కడగరు. "కడగొద్దులే, ఒకసారి చూపించు చాలు" అన్నాను. "ఏం గాలే చెల్లె. చీమ కుట్టినంత గూడ లేదు. నీకు ఒట్టు" అని పిల్లవాడిలా ముఖం వెలిగిపోతూ చెప్పాడు. చీమ కుట్టినంత కూడా లేదన్నందుకే ఆయన చెయ్యి పట్టుకున్నాను. "దవాఖానకు పోదాం పా" అన్నాను. "పండుగ పూట దవాఖాననా? జర ఆగరాదు" అని వదిన కసిరింది. మధ్యాహ్నం బస్సుకు నేను వనపర్తి తిరిగి వచ్చేశాను. మరుసటి రోజు అడ్మిషన్ల పని ఉంది. ఆ పని నేను లేకపోయినా జరిగేది.

మర్నాడు ఫోన్ చేశాను. "జర బొబ్బలొచ్చినయి. నొప్పేం లేదు, చేన్లకు పోయొచ్చిన" అన్నాడు. నొప్పి లేకపోవడమే భయం అన్నా, గద్వాలకు పోయి చూపించుకో అన్నాను. సరేనన్నాడు. మూడో రోజు మళ్ళీ సరేనన్నాడు. మా సరేలు ఎట్లాంటివో నాకు తెలుసు. తెలిసి కూడా బస్సెక్కలేదు. ఆయన పగిలిన బొబ్బలతో తడి నల్లరేగడిలో ఎద్దుల వెనక గుంటక తోలుతున్నాడని తర్వాత తెలిసింది. నడవొద్దని చెప్పాల్సిన పాదం ఆయనకు ఏమీ చెప్పలేదు.

అయిదో రోజు పొద్దున్నే వదిన ఫోన్. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది. "కాలు వాసనొస్తున్నది. చాయ్ ఇయ్యనీకె దగ్గర్కి పోతే తెల్సింది. ఆయనకేం తెల్వదంట. నువ్వు రా."

జూరాల కట్ట మీదుగా ఆటోలో గద్వాలకు తీసుకుపోయాం. కుడి పాదం అడుగంతా నల్లబడి ఉంది. ఎడమదానికి మడమ దగ్గర ఒక పుండు. డాక్టరు చిన్నవాడు, ఓపికస్తుడు. పుండ్లు లేని చోట స్పర్శ ఉందేమో చూద్దామని సన్నని నైలాను దారం ఒకటి తీశాడు. కళ్ళు మూసుకొమ్మని, దారం తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. అన్న బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. డాక్టరు కుడికాలి వేళ్ళమీద, పాదం పైన, చీలమండ దగ్గర పెట్టి చూశాడు. తర్వాత ఎడమకాలికి వచ్చాడు. దారం వంగేదాకా ఒత్తాడు. చాలాసేపయ్యాక అన్న కళ్ళు మూసుకునే అన్నాడు.

"కానియ్యిండ్రి సార్. ఎప్పుడు మొదలువెడ్తరు?"

డాక్టరు దారం జేబులో పెట్టుకొని నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగాను.

కుడికాలు మోకాలి కింద తీసేశారు. తీయకపోతే మనిషి దక్కడన్నారు. కాగితం మీద వదిన వేలిముద్ర వేసింది, పక్కన నేను సంతకం పెట్టాను. ఎడమకాలి పుండు మానడానికి నెలన్నర పట్టింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈ కాలికి కూడా స్పర్శ లేదమ్మా. చెప్పు లేకుండా ఒక్క అడుగు వేయొద్దు. రోజూ అద్దం పెట్టి అరికాలు చూసుకోవాలి. ఇంకో దెబ్బ తగిలితే ఇది కూడా నిలవదు." ఇక మాకు మిగిలింది ఆ ఒక్క కాలు. దాన్ని కాపాడుకోవడం తప్ప నాకు వేరే ఆలోచన లేదు. నెత్తురు పరీక్ష చేసే మిషను కొనిచ్చాను. గోలీలు వేసుకున్నాడా అని వదినను రోజూ అడిగేదాన్ని. ఆమె కసురుకోవడం మానేసి జవాబు చెప్పేది.

ఆ ఏడు మళ్ళీ నాడీకణం పాఠం వచ్చింది. బోర్డు మీద పొడుగాటి కణం బొమ్మ గీశాను. కొసదాకా గీత లాక్కుంటూ పోయి అక్కడ ఆగిపోయాను. పిల్లలు చూస్తున్నారు. ఆ కొస దగ్గర నాకు నిప్పుల మధ్య ఆగిన పాదం కనబడుతోంది. పాఠం రేపు చెబుతానని బయటికి వచ్చేశాను. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అప్పుడప్పుడు డప్పులు వినిపిస్తాయి. ఎక్కడా పండుగ ఉండదు. ఎండలో వేడెక్కిన మేడ మెట్ల మీద ఒట్టికాళ్ళతో నిలబడి చూసుకుంటాను. చురుక్కుమంటే హమ్మయ్య అనుకుంటాను, ఆ వెంటనే ఏడుపొస్తుంది.

దసరా సెలవుల్లో ఊరికి పోయాను. పొద్దున పది గంటలప్పుడు. అన్న రేకుల పందిరి కింద మంచం మీద కూర్చొని ఉన్నాడు. కృత్రిమ కాలు ఇంకా రాలేదు. ఎడమ పాదం అద్దంలో చూసి, మందు రాసి, మేజోడు తొడిగాను. ఆయన చాలా హుషారుగా ఉన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ వచ్చి ఆయన కాళ్ళకు మొక్కి పోతున్నారట. కాలు పోయింది కదా అని ఎవరో అంటే ముజావర్ తాతే వాళ్ళను మందలించాడట.

"పోయిన కాలు పీరుకిచ్చిన అనుకున్న చెల్లె. ఒక్కటి మిగిలింది గద. మళ్ళ పండుగకు కట్టె వట్టుకొని దిగుత గుండంల. పీరును వేరేటోళ్ళు ఎత్తుకోనీ. నేనైతే నడుస్త."

నేను అద్దం కింద పెట్టాను. "దిగొద్దు" అన్నాను.

"ఎందుకు? మొన్న కాలిందా నాకు? చీమ కుట్టినట్లన్న అయిందా? తర్వాత బురదల తిరిగితే చీము వట్టె. అది నా తప్పు. పీరు తప్పా?"

చెప్పకపోతే ఎడమకాలు పోతుంది. చెబితే ఆయన బతుకులో దొరికిన ఒకే ఒక్క గొప్ప పొద్దును నేను ఊడబెరికినట్లవుతుంది. ఇంతకాలం ఆ రెండిటి మధ్య ఊగాను. ఆ రోజు ఆ తెల్లని మేజోడు వైపు చూస్తూ చెప్పేశాను. పాఠంలా చెప్పలేదు, మా ఇంటి మాటల్లో చెప్పాను. నీ నెత్తుటిలో చక్కెర ఏళ్ళ తరబడి నిండి నీ నరాలను లోపల్లోపల చంపింది. నాలుగేళ్ళు మండింది అవి చస్తుండబట్టి. మంట పోయింది అవి చచ్చాయి కాబట్టి. ఆ పొద్దు నిప్పు చల్లబడలేదు, నీ కాళ్ళు కాలాయి. కాలుతున్నట్లు నీకు చెప్పేది ఏదీ మిగల్లేదు.

అన్న మంచం పట్టీని చేత్తో రాస్తూ విన్నాడు. నేను చెప్పడం అయిపోయాక కూడా చాలాసేపు రాస్తూనే ఉన్నాడు. ముఖంలో ఇన్నాళ్ళూ ఉన్న ఆ వెలుగు నా కళ్ళముందే దిగిపోయింది. కోపం వస్తే బాగుండనుకున్నాను. రాలేదు.

"ఇదంత డాక్టరు చెప్పిండా నీకు?"

"లేదు. నాకు ముందే తెల్సు."

"ముందంటే?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు కూడా. "నువ్వు గుండం నడుమ నిలవడ్డప్పుడే తెల్సింది" అన్నాను. "ఎనిమిదడుగుల దూరంల ఉన్న. పిలుద్దామనుకొని పిలువలే. నలుగుర్ల నువ్వు చిన్నపోతవని."

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. నన్ను మొదటిసారి చూస్తున్నట్లు చూశాడు. తిడతాడని ఎదురుచూశాను. ఆయన కాలు లేని వైపు దుప్పటిని సర్దుకొని, మెల్లగా అన్నాడు.

"నువ్వు పిలిస్తే నేను రానిదెప్పుడు, చెల్లె?"